ఫారం నింపారు, కన్ఫర్మ్ చేయలేదు: శ్రీకాకుళం ఉద్యోగ నోటిఫికేషన్ల న్యూస్‌లెటర్‌పై కేస్ స్టడీ

శ్రీకాకుళంలో ఒక కోచింగ్ సెంటర్ ప్రతి ఆదివారం సాయంత్రం ఈమెయిల్‌లో ఒక న్యూస్‌లెటర్ పంపుతుంది. ఆ వారం వచ్చిన ఉద్యోగ నోటిఫికేషన్లు, ఒక్కోదానికి ఎవరు అర్హులు, ఫీజు ఎంత, దరఖాస్తుకి ఆఖరి తేదీ ఎప్పుడు, చివర్లో కొన్ని కరెంట్ అఫైర్స్ ప్రశ్నలు. అంతే. ఎస్‌ఎస్‌సీ, రైల్వే, బ్యాంకులు, ఏపీపీఎస్సీ, కానిస్టేబుల్, డీఎస్సీ అన్నీ ఉంటాయి. డబ్బు కట్టక్కర్లేదు, సెంటర్‌లో చేరి ఉండక్కర్లేదు. అక్కడ అర్థమెటిక్ చెప్పే మాస్టారే కూర్చుని రాస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే నోటిఫికేషన్లలో పాతవీ దొంగవీ కలిసిపోయి ఉంటాయి. అందుకే అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకోనిదే ఆయన ఒక్క లైను కూడా వేయరు.

ఫారం నింపేవాళ్లకి కొదవ లేదు. సెంటర్ గోడ మీద, ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ పిల్లలుండే గదుల దగ్గర, పొద్దున్నే కోడి రామ్మూర్తి స్టేడియానికి పరుగు ప్రాక్టీసుకి వచ్చే కానిస్టేబుల్ అభ్యర్థుల మధ్య క్యూఆర్ కోడ్ పోస్టర్లున్నాయి. టెక్కలి, నరసన్నపేట, పాతపట్నం, ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా చేరుతున్నారు. కానీ చేరినవాళ్లలో సగం మంది కూడా మెయిల్‌లో వచ్చిన లింక్ నొక్కి కన్ఫర్మ్ చేయట్లేదు. కన్ఫర్మ్ చేయనివాళ్లకి న్యూస్‌లెటర్ వెళ్లదు. మాస్టారు నన్ను పిలిచింది ఇందుకే. చిన్న వ్యాపారాలకి, సంస్థలకి ఈమెయిల్ వ్యవస్థలు సరిచేసి పెట్టడం నా వృత్తి.

ఈ పని నాకు మిగతా పనుల్లాంటిది కాదు. బట్టల షాపు ఆఫర్ల మెయిల్ అందకపోతే ఎవరికీ పెద్ద నష్టం లేదు. ఇక్కడ అలా కాదు. పల్లెలో ఉన్న కుర్రాడు ఫారం నింపేసి, ఇక నోటిఫికేషన్ పడితే నాకు తెలుస్తుందని నిశ్చింతగా ఉంటాడు. అతనికి ఒక్క మెయిలూ రాదు. అసలు చేరకపోయి ఉంటే ఎవరినైనా అడిగేవాడు, పేపర్ చూసుకునేవాడు. చేరానన్న నమ్మకమే అతని ఆఖరి తేదీ దాటబెడుతుంది. కన్ఫర్మ్ కాని ప్రతి చిరునామానీ నేను ఆ కుర్రాడిగానే చూశాను.

కన్ఫర్మేషన్ తీసేస్తే సరిపోదా?

ఎవరిని అడిగినా మొదట వచ్చే సలహా ఇదే. ఫారం నింపగానే లిస్టులో వేసేయండి, లింకులూ గింకులూ ఎందుకు అని. పెద్ద కంపెనీలు కూడా ఆ దారి పట్టాయి. న్యూస్‌లెటర్లు పంపిపెట్టే సర్వీసు మెయిల్‌చింప్ 2017లో తన ఫారాలకి, ఫారం నింపితే చాలనే ఒక్క మెట్టు పద్ధతినే డిఫాల్ట్‌గా పెట్టింది.

నేను ఒప్పుకోలేదు. ఫారంలో ఎవరి మెయిల్ ఐడీ అయినా ఎవరైనా కొట్టొచ్చు. తమాషాకి లెక్చరర్ గారి ఐడీ ఇచ్చే పిల్లలున్నారు. కాపలా లేని ఫారాల్లో వేల చిరునామాలు కుమ్మరించే బాట్‌లున్నాయి, అంటే మనిషి లేకుండా తమంతట తామే ఫారాలు నింపే ప్రోగ్రామ్‌లు. 2016 ఆగస్టులో అలాంటి ఫారాల ద్వారానే అమెరికా ప్రభుత్వ మెయిల్ ఇన్‌బాక్సులని న్యూస్‌లెటర్లతో ముంచెత్తారు. అడగని మనిషికి మెయిల్ వెళితే అతను స్పామ్ బటన్ నొక్కుతాడు. ఆ నొక్కుడు దెబ్బ అడిగి చేరినవాళ్ల మీద పడుతుంది. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్లకి గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధనలు బిగించాయి. గూగుల్ లెక్కలో పెద్ద సంఖ్య అంటే జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5,000. స్పామ్ ఫిర్యాదులు 0.1 శాతం లోపు ఉంచుకోవాలనీ, 0.3 శాతాన్ని ఎప్పుడూ తాకకూడదనీ గూగుల్ చెబుతుంది. అంటే వెయ్యి మెయిళ్లకి ముగ్గురు నొక్కితే గీత తాకేసినట్టే. ఈ సెంటర్ ఆ సంఖ్యలో పంపదు, కానీ చిన్నవాళ్ల మెయిల్‌ని కూడా జీమెయిల్ ఫిర్యాదులు చూసే ఎక్కడ పెట్టాలో తేల్చుకుంటుంది.

పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలి. రెండు మెట్ల పద్ధతినే వాడాలని చట్టం అనలేదు. కానీ ఈ మనిషే అడిగాడని చూపించడానికి కన్ఫర్మేషన్ క్లిక్ కంటే మంచి ఆధారం లేదు. కాబట్టి మెట్టు ఉండాలి. ఎక్కేవాళ్లకి కష్టం లేకుండా చూడాలి.

ఎక్కడ ఆగిపోతున్నారు?

"మన పిల్లలు మెయిల్ చూడరు బాబూ" అన్నారు మాస్టారు. ఆ మాటలో కొంత నిజముంది, కానీ దాని మీద మందు వేయలేం. చూడకపోవడానికి కారణం ఏ మెట్టు మీద ఉందో తెలియాలి. అందుకే దారిని ముక్కలు చేశాను. ఫారం సబ్మిట్ అయిన సమయం, కన్ఫర్మేషన్ మెయిల్ మన సర్వర్ నుంచి బయటికి వెళ్లిన సమయం, అవతలి సర్వర్ తీసుకుందా తిప్పికొట్టిందా, చివరికి క్లిక్ పడిందా. ఒక్కో వారం చేరినవాళ్లని ఒక జట్టుగా పెట్టుకుని, చేరిన గంటలో ఎంతమంది, ఒక రోజులో ఎంతమంది, వారంలో ఎంతమంది కన్ఫర్మ్ చేశారో చూశాను. మొత్తం లిస్టుకి ఒకే శాతం కడితే నిన్న చేరినవాడూ ఆరు నెలల కిందట చేరినవాడూ కలిసిపోయి ఏమీ అర్థం కాదు.

ఓపెన్ రేటు, అంటే ఎంతమంది మెయిల్ తెరిచారన్న లెక్క, దాని జోలికి పోలేదు. మెయిల్‌లో పెట్టిన చిన్న బొమ్మ లోడ్ అయిందా అన్నదాన్ని బట్టి ఆ లెక్క కడతారు. జీమెయిల్ బొమ్మలని తన సర్వర్ల మీదుగా తెప్పిస్తుంది. ఆపిల్ మెయిల్ 2021 నుంచి మనిషి తెరవకపోయినా తెరిచినట్టు లెక్క చూపించగలదు. క్లిక్ ఒక్కటే నమ్మదగింది. అది కూడా జాగ్రత్తగానే. కొన్ని ఆఫీసు, కాలేజీ మెయిల్ వ్యవస్థల్లో భద్రతా సాఫ్ట్‌వేర్ ప్రతి లింకునీ ముందే తెరిచి చూస్తుంది. లింక్ తెరుచుకోగానే కన్ఫర్మ్ అయిపోయేలా పెడితే మనిషి చూడకుండానే కన్ఫర్మ్ అయిపోతుంది. 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8058 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ చేసే పద్ధతిని మామూలు లింకుగా కాకుండా పెట్టింది కూడా ఈ కారణంతోనే. అందుకే మా లింక్ ఒక పేజీకి తీసుకెళ్తుంది, అక్కడ ఒక బటన్ నొక్కితేనే కన్ఫర్మ్ అవుతుంది.

ఈ లెక్కలు చూశాక ఒకటి తేలిపోయింది. కన్ఫర్మ్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఫారం నింపిన కొద్ది నిమిషాల్లోనే చేసేస్తున్నారు. గంట దాటితే చాలా తక్కువమంది, మర్నాటికి ఎవరో ఒకరిద్దరు. అంటే మనిషి చేతిలో ఫోన్ ఉన్న ఆ కొద్ది నిమిషాలే మనకున్న సమయం.

మెయిల్ బయల్దేరడమే ఆలస్యం

ఆ కొద్ది నిమిషాల్లో మెయిల్ అసలు బయల్దేరడం లేదు. సెంటర్ వెబ్‌సైట్ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది. అక్కడ వాడిన ప్లగిన్ (దానికి తగిలించే అదనపు ప్రోగ్రామ్) మెయిళ్లని వరసలో పెట్టి, వర్డ్‌ప్రెస్ సొంత షెడ్యూలర్ వచ్చినప్పుడు పంపుతోంది. ఆ షెడ్యూలర్ గడియారం చూసి పనిచేయదు, ఎవరైనా సైట్ తెరిచినప్పుడే కదులుతుంది. పగలు సందర్శకులు వస్తూ ఉంటారు కాబట్టి తేడా తెలియదు. రాత్రి పది దాటాక, చదువు ముగించుకుని ఫోన్ పట్టుకునే వేళకి, సైట్‌కి వచ్చేవాళ్లు తక్కువ. ఆ వేళ చేరినవాళ్ల మెయిల్ తర్వాతి సందర్శకుడు వచ్చేదాకా వరసలోనే కూర్చునేది. పిల్లవాడు రెండు నిమిషాలు చూసి పడుకుంటాడు. మర్నాడు ఆ మెయిల్ వేరే మెయిళ్ల కింద ఉంటుంది.

దీనికి మందు తేలిక. కన్ఫర్మేషన్ మెయిల్‌ని వారం వారం వెళ్లే న్యూస్‌లెటర్ వరసలోంచి తీసేసి, ఫారం సబ్మిట్ అవగానే ఒక్కొక్కటిగా పంపే సర్వీసుకి మార్చాను. ఓటీపీలు, రసీదులు పంపడానికి కంపెనీలు వాడేది ఇలాంటి సర్వీసునే. ఇప్పుడు కొన్ని సెకన్లలో వెళ్తోంది.

పంపే చిరునామా

బయల్దేరిన మెయిల్ చేరే చోటు రెండో గొడవ. ఫ్రమ్‌లో సెంటర్ వాళ్ల జీమెయిల్ ఐడీ ఉంది, పంపేది మాత్రం హోస్టింగ్ కంపెనీ సర్వర్. జీమెయిల్ చిరునామా పెట్టుకుని వేరే సర్వర్ నుంచి మెయిల్ పంపొద్దని గూగుల్ తన నిబంధనల్లో సూటిగానే చెబుతుంది. అలాంటి మెయిల్ స్పామ్‌లో పడటంలో వింత లేదు.

సెంటర్‌కి సొంత డొమైన్ (వెబ్‌సైట్ పేరు) ఉంది కాబట్టి ఫ్రమ్ అడ్రస్ దానికి మార్చాను. అక్కడ ఇంకో ముడి బయటపడింది. డొమైన్ సెట్టింగుల్లో ఎస్‌పీఎఫ్ రికార్డులు రెండున్నాయి. ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్. ఒకటి హోస్టింగ్ పెట్టేటప్పుడు ఎవరో పెట్టారు, ఇంకొకటి తర్వాత న్యూస్‌లెటర్ కోసం పెట్టారు. రెండుంటే రెట్టింపు రక్షణ రాదు, రెండూ చెల్లవు. ఒక డొమైన్‌కి ఒక్కటే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలన్నది నియమం. రెండు కనిపిస్తే అవతలి సర్వర్ దాన్ని పొరపాటుగానే లెక్క వేస్తుంది. పంపే సర్వీసులన్నిటినీ ఒకే రికార్డులో కలపాలి, ఆ రికార్డు కోసం డీఎన్‌ఎస్‌లో (ఇంటర్నెట్ చిరునామాల పట్టికలో) జరిగే వెతుకులాటలు పది దాటకూడదు. అవి సరిచేసి, మెయిల్ ఈ డొమైన్‌దేనని చూపే డీకిమ్ అనే డిజిటల్ సంతకం పెట్టి, ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే డీమార్క్ రికార్డు వేశాను. న్యూస్‌లెటర్ పంపే చిన్న సంస్థల్లో ఈ రెండు రికార్డుల తంటా నాకు తరచూ కనిపిస్తుంది. మీ డొమైన్‌లో ఒకసారి చూసుకోండి. ఉచితంగా చూసే సైట్లు చాలా ఉన్నాయి.

మెయిల్ రూపం కూడా మార్చాను. పాతదానిలో పెద్ద లోగో, కొత్త బ్యాచ్‌ల ప్రకటన, ఫీజు తగ్గింపు, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ గుర్తులు ఉండేవి. అవన్నీ కలిసి దాన్ని ప్రకటనలా చేస్తాయి, జీమెయిల్ దాన్ని ప్రకటనల కోసం విడిగా ఉంచే ప్రమోషన్స్ ట్యాబ్‌లో వేస్తుంది. ప్రమోషన్స్‌లో పడ్డ మెయిల్‌కి ఫోన్ మామూలుగా మోగదు. ముఖ్యమైన మెయిళ్లు వచ్చే ప్రైమరీ ట్యాబ్‌లో పడ్డదానికే మోగుతుంది. కాబట్టి అన్నీ తీసేసి ఐదు లైన్లు, ఒక బటన్ ఉంచాను. కొత్త బ్యాచ్ సంగతి ఉంచమని సెంటర్‌లో అడిగారు. ఈ ఒక్క మెయిల్‌లో వద్దని గట్టిగా చెప్పాను.

ఇంతవరకు చేసినవి ఏ ఊళ్లో అయినా చేయాల్సినవే. వీటితో కన్ఫర్మ్ చేసేవాళ్లు సగం దాటారు. మిగతా సగానికి కారణం సర్వర్లలో లేదు.

ఆ మెయిల్ ఐడీ ఎవరిది?

కన్ఫర్మ్ చేయని పిల్లల్లో సెంటర్‌లోనే చదువుతున్నవాళ్లు కొందరున్నారు. వాళ్ల పక్కన కూర్చుని, ఫోన్‌లో జీమెయిల్ తెరిచి చూపించమన్నాను. ఒకమ్మాయి ఫారంలో ఇచ్చిన ఐడీ వేరు, ఫోన్‌లో ఉన్న ఐడీ వేరు. ఆ పక్కన కుర్రాడిదీ అంతే. కదిపిన కొద్దీ అదే కథ.

ఇలా జరుగుతుంది. ఇంటర్ అయ్యాక మొదటి దరఖాస్తు పెట్టడానికి పిల్లలు నెట్ సెంటర్‌కి వెళ్తారు. అప్లికేషన్‌లో మెయిల్ ఐడీ తప్పనిసరి. నెట్ సెంటర్ అన్నయ్య అప్పటికప్పుడు ఒక ఐడీ తయారుచేసి, పాస్‌వర్డ్ తన నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. చాలాసార్లు రికవరీకి తన ఫోన్ నంబరే ఇస్తాడు. పిల్లకి హాల్‌టికెట్ మీద అచ్చయిన ఆ ఐడీయే తన ఐడీ అని గుర్తుంటుంది. ఆ తర్వాత ఫోన్ కొంటారు. షాపులో ఫోన్ సెట్ చేసి ఇచ్చేటప్పుడు ఇంకో ఐడీ తెరుస్తారు, లేకపోతే నాన్న ఐడీతోనే నడిపిస్తారు. ఫోన్‌లో మెయిల్ వచ్చేది ఆ రెండోదానికి. న్యూస్‌లెటర్ ఫారంలో రాసేది మొదటిది. మనం పంపిన కన్ఫర్మేషన్ మెయిల్ ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లో భద్రంగా ఉంటుంది.

ఇది బద్ధకం కాదు, నిర్లక్ష్యం కాదు. ఆ పిల్ల తన ఐడీ అని తనకి చెప్పినదాన్నే నిజాయితీగా రాసింది. నాకు బాగా బాధ వేసిన చోటు ఇది, ఎందుకంటే హాల్‌టికెట్లు, ఇంటర్వ్యూ పిలుపులు కూడా ఆ తెరవని ఇన్‌బాక్స్‌కే వెళ్తాయి.

మెయిల్ ఐడీ గడి కింద ఒక లైను పెట్టాను: "మీ ఫోన్‌లో జీమెయిల్ తెరిస్తే కనిపించే ఐడీ ఇవ్వండి. పైన కుడివైపు గుండ్రటి బొమ్మ నొక్కితే మీ ఐడీ కనిపిస్తుంది." దాంతోపాటు గూగుల్‌తో కొనసాగండి అనే బటన్ పెట్టాను. దాన్ని నొక్కితే ఆ ఫోన్‌లో ఉన్న ఖాతాలే వరసగా కనిపిస్తాయి. పిల్లవాడు ఒకటి ఎంచుకుంటాడు. జీమెయిల్ చిరునామాల విషయంలో ఆ ఖాతా ఇతనిదేనని గూగులే హామీ ఇస్తుంది కాబట్టి మళ్లీ కన్ఫర్మేషన్ మెయిల్ అక్కర్లేదు. ఐడీ కొట్టే పని లేదు, అక్షరం తప్పు పోయే వీలు లేదు, మెయిల్ కోసం ఎదురుచూపు లేదు. న్యూస్‌లెటర్ కావాలని టిక్ మాత్రం విడిగా పెట్టించాలి. గూగుల్‌తో లోపలికి రావడం ఒకటి, వారం వారం మెయిల్ పంపమని అడగడం ఇంకొకటి.

ఈ బటన్‌కి ఒక ఇబ్బంది ఉంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లోపల తెరుచుకునే బ్రౌజర్‌లో గూగుల్ సైన్-ఇన్‌ని అనుమతించదు. అక్కడ ఎర్రర్ చూసి పిల్లలు వెనక్కి వెళ్లిపోతారు. అలాంటి బ్రౌజర్ నుంచి వచ్చినవాళ్లకి బటన్ దాచేసి మామూలు ఫారమే చూపిస్తున్నాం. అలాగే బటన్ కింద "మీ పేరు, మెయిల్ ఐడీ మాత్రమే తీసుకుంటాం, మీ మెయిళ్లు చదవలేం" అని రాశాం. అది చదివాకే చాలామంది ధైర్యంగా నొక్కుతున్నారు.

తప్పు అక్షరాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జీమెయిల్‌లో ఎమ్ ముందుకొచ్చినవి, చివర డాట్ కామ్‌కి బదులు డాట్ కాన్ పడినవి, కీబోర్డు సూచన నొక్కితే చివర చేరిన ఖాళీ. తప్పుగా కొట్టిన కొన్ని డొమైన్లని ఎవరో కొనిపెట్టుకుని ఉంటారు. మెయిల్ వెనక్కి కూడా రాదు, వెళ్లిపోయిందనే అనిపిస్తుంది. ఫారం ఇప్పుడు చివరి ఖాళీని తానే తీసేస్తుంది, అనుమానం వస్తే "జీమెయిల్ డాట్ కామ్ అనుకున్నారా?" అని అడుగుతుంది. అడుగుతుందే గానీ తానుగా మార్చదు. సెంటర్ కౌంటర్ మీద రూళ్ల నోట్‌బుక్ ఒకటి ఉండేది, ఫోన్ తేనివాళ్లు అందులో ఐడీ రాసేవారు. ఐడీ మధ్యలో అండర్‌స్కోర్ రాస్తే రూళ్ల గీతలో కలిసిపోతుంది. ఒకటికీ చిన్న ఎల్‌కీ తేడా తెలియదు. పైగా ఆ ఐడీలు కంప్యూటర్‌లోకి ఎక్కేసరికి రోజులు గడిచి, రాసినవాళ్లు మరిచిపోయి ఉంటారు. నోట్‌బుక్ తీయించేశాను.

ఇంకో కారణం నేను వెతకగా దొరికింది. తిరిగొచ్చిన మెయిళ్లలో గణనీయమైన భాగం తప్పు చిరునామాలవి కావు, నిండిపోయిన ఖాతాలవి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ సర్దుకోవాలి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఆ 15 జీబీలోకే వస్తుంది. పెళ్లి వీడియోలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు నిండిపోతే కొత్త మెయిల్ లోపలికి రాదు. ఇలా తిరిగొచ్చిన ఐడీ అయితే ఫారం పేజీలోనే "మీ గూగుల్ స్టోరేజీ నిండినట్టుంది" అని చూపిస్తున్నాం, వాట్సాప్ బ్యాకప్‌లోంచి వీడియోలు ఎలా తీసేయాలో రెండు లైన్లలో చెబుతున్నాం. దీనివల్ల పెరిగిన కన్ఫర్మేషన్లు ఎక్కువేం కావు. కానీ ఖాతా నిండి ఉంటే హాల్‌టికెట్ మెయిల్ కూడా రాదు కాబట్టి ఆ రెండు లైన్లు ఉండాల్సిందే అనుకున్నాను.

ఓటీపీ కోసం చూసే కళ్లు

ఫారం నింపాక ఏం చేశావని ఒక కుర్రాడిని అడిగితే "ఓటీపీ ఏటీ రానేదు సార్, అందుకే వదిలేసాను" అన్నాడు. ఈ జవాబు దగ్గర నేను చాలాసేపు ఆగాను. బ్యాంకు, గ్యాస్ బుకింగ్, స్కాలర్‌షిప్, దరఖాస్తు, ఏ పనికైనా ఫోన్‌కి నంబర్ వస్తుంది, దాన్ని కొట్టాలి. ఆ అలవాటు ఒంటపట్టినవాళ్లని మెయిల్ తెరిచి, అందులో లింక్ వెతికి, నొక్కి రమ్మంటున్నాం. కొందరికి లింక్ నొక్కాలంటే భయం కూడా. తెలియని లింకులు నొక్కొద్దని పోలీసులూ బ్యాంకులూ చెబుతూనే ఉన్నారు, వాళ్లు చెప్పేది సరైనదే.

కాబట్టి ఆరంకెల నంబర్ పెట్టాను. ఫారం సబ్మిట్ అవగానే అదే పేజీలో నంబర్ కొట్టే గడి వస్తుంది. మెయిల్ సబ్జెక్టు మొదట్లోనే ఆ నంబర్ ఉంటుంది. ఫోన్‌లో నోటిఫికేషన్ పైనుంచి దిగేసరికి, మెయిల్ తెరవకుండానే నంబర్ కనిపిస్తుంది. అది చూసి కొడితే అయిపోయింది. నంబర్ అరగంట చెల్లుతుంది. ఆలోపు కొట్టలేనివాళ్ల కోసం అదే మెయిల్‌లో లింక్ కూడా ఉంటుంది, అది వారం చెల్లుతుంది. రెండూ ఉండాలి. స్టేడియంలో క్యూఆర్ స్కాన్ చేసి ఫోన్ బ్యాగులో పడేసి పరుగుకి వెళ్లినవాడు తిరిగొచ్చేసరికి ఆ పేజీ మూసుకుపోయి ఉంటుంది. అతనికి లింకే దారి. నంబర్‌కి ఇంకో లాభం ఉంది. భద్రతా సాఫ్ట్‌వేర్ లింకులు తెరవగలదు గానీ నంబర్ తెచ్చి మన పేజీలో కొట్టలేదు.

నా లెక్కలో గూగుల్ బటన్ తర్వాత ఎక్కువ మార్పు తెచ్చింది ఈ నంబరే.

సబ్జెక్టు గురించి ఒక్క మాట. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఫోన్ తెర మీద సబ్జెక్టు మూడు నాలుగు మాటలకే తెగిపోతుంది, ఏం చేయాలో చెప్పే మాట ఆ తెగిన భాగంలో పోతుంది. పాత సబ్జెక్టు సెంటర్ పేరుతో మొదలై ఎక్కడో కన్ఫర్మ్ దగ్గర ముగిసేది. ఇప్పుడు నంబర్ ముందు, ఆ వెంటనే ఉద్యోగ నోటిఫికేషన్ల మాట. సెంటర్ పేరు పంపినవారి పేరులోనే ఉంది కదా, సబ్జెక్టులో మళ్లీ ఎందుకు? పాత ప్లగిన్‌లో తెలుగు సబ్జెక్టు అప్పుడప్పుడు ప్రశ్నార్థకాలుగా మారేది కూడా. అక్షరాలని కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి. పొడుగు సబ్జెక్టుని ముక్కలు చేసేటప్పుడు ఆ మూడింటి మధ్య కోస్తే అక్షరం చచ్చిపోతుంది. పంపే సర్వీసు మార్చడంతో అది కూడా పోయింది.

ఫారం తర్వాతి పేజీ

ఇక్కడ ఇదివరకు "సబ్‌స్క్రైబ్ చేసినందుకు ధన్యవాదాలు" అని ఉండేది. ఆ మాట చదివినవాడు పని అయిపోయిందనే అనుకుంటాడు. ఇప్పుడు "ఇంకొక్క పని ఉంది" అని మొదలవుతుంది. అతను ఇచ్చిన ఐడీ పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది, పక్కన "ఇది తప్పా? మార్చండి" అని ఉంటుంది. చాలామంది తప్పు ఐడీలు ఇక్కడే పట్టుకుంటున్నారు. కింద నంబర్ గడి, ఒక నిమిషం తర్వాత మళ్లీ పంపే బటన్, స్పామ్‌లో చూడమని ఒక లైను. స్పామ్‌లో దొరికితే అది స్పామ్ కాదని నొక్కమని కూడా. ఆ నొక్కుడు ఒక్క మెయిల్‌నే బయటికి తీసి ఊరుకోదు, తర్వాత వచ్చేవాటికీ దారి వేస్తుంది.

కంప్యూటర్‌లో చూసేవాళ్లకి జీమెయిల్‌ని నేరుగా మా మెయిల్ వెతికిన స్థితిలో, స్పామ్ కూడా కలిపి, తెరిచే బటన్ ఇచ్చాను. ఫోన్‌లో అది అంత నమ్మకంగా పనిచేయదు కాబట్టి ఫోన్ వాళ్లకి చూపించట్లేదు.

కన్ఫర్మ్ అవగానే కిందటి ఆదివారం న్యూస్‌లెటర్ ఆ పేజీలోనే తెరుచుకుంటుంది. పాత ప్రశ్నపత్రాల పీడీఎఫ్ ఎర వేద్దామని సెంటర్‌లో ఒకరు సూచించారు. పీడీఎఫ్ కోసం వచ్చినవాళ్లు పీడీఎఫ్ తీసుకుని పోతారు. న్యూస్‌లెటర్ కోసం వచ్చినవాళ్లకి న్యూస్‌లెటరే చూపించాలి.

రిమైండర్, ఆ తర్వాత చెరిపివేత

కన్ఫర్మ్ చేయనివాళ్లకి మర్నాడు సాయంత్రం ఒక్క రిమైండర్ వెళ్తుంది. కొత్త నంబర్, కొత్త లింక్, ఐడీ మార్చుకునే దారి. దానికి స్పందించేవాళ్లు బాగానే ఉన్నారు. రెండోది కూడా కొన్నాళ్లు పంపి చూశాం. కొత్తగా వచ్చినవాళ్లు చాలా తక్కువ, స్పామ్ నొక్కినవాళ్లు కనిపించారు. ఆపేశాం. నెల గడిచినా కన్ఫర్మ్ కాని ఐడీలని పూర్తిగా చెరిపేస్తున్నాం. వాటిని దాచుకోవడానికి మనకి కారణమేమీ లేదు.

ఎస్‌ఎంఎస్‌లో గుర్తుచేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. మన దేశంలో సంస్థల పేరుతో ఎస్‌ఎంఎస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వేదికలో సంస్థనీ, హెడర్‌నీ (పంపినవారిగా కనిపించే పేరు), మెసేజ్ నమూనానీ ముందే నమోదు చేసుకోవాలి. అంతకంటే ముఖ్యంగా ఫారంలో ఫోన్ నంబర్ అడగాలి. అడిగితే అమ్మాయిలు ఫారం నింపడం మానేస్తారని సెంటర్‌లో పనిచేసే అక్క వెంటనే చెప్పారు. ఆమె మాటే సరైనదని నాకూ అనిపించింది. ఫోన్ నంబర్ అడగట్లేదు.

ఇప్పటి స్థితి

సగం లోపు ఉన్న కన్ఫర్మేషన్లు ఇప్పుడు నాలుగింట మూడు వంతులు దాటాయి. పద్ధతులు ఒకదాని వెంట ఒకటి పెట్టాం కాబట్టి ఏది ఎంత తెచ్చిందో అణాపైసలతో చెప్పే వీల్లేదు. చేరే సంఖ్య కూడా నోటిఫికేషన్లు పడే కాలాన్ని బట్టి మారుతుంది, పెద్ద నోటిఫికేషన్ వచ్చిన వారం ఆసక్తి ఎక్కువ ఉన్నవాళ్లు వస్తారు. అయినా గూగుల్ బటన్, ఆరంకెల నంబర్, వెంటనే వెళ్లే మెయిల్, ఈ మూడూ పెద్దవని జట్ల వారీ లెక్కలు చూస్తే తెలుస్తుంది. ఖర్చు చిన్నదే. ఎక్కువ పట్టింది పిల్లల పక్కన కూర్చుని ఫోన్లు చూసిన సమయం.

మిగిలిన నాలుగో వంతులో సీతంపేట వైపు సిగ్నల్ సరిగ్గా అందని ఊళ్లవాళ్లున్నారు, ఊరికే ఫారం నింపి చూసినవాళ్లున్నారు, నెట్ సెంటర్ ఐడీల వాళ్లూ ఇంకా ఉన్నారు. ఆ చివరివాళ్ల కోసం మాస్టారు కొత్త బ్యాచ్ మొదటి రోజు ఒక గంట కేటాయించారు. పిల్లలు హాల్‌టికెట్ మీది ఐడీ తీసి, పాస్‌వర్డ్ తిరిగి తెచ్చుకుని, రికవరీకి తమ సొంత నంబర్ పెట్టుకుని, ఆ ఖాతాని తమ ఫోన్‌లో కలుపుకుంటారు. రికవరీ నంబర్ నెట్ సెంటర్ వాళ్లదైతే అక్కడికి ఫోన్ చేసి, వచ్చిన కోడ్ అడిగి తీసుకుంటారు. నెట్ సెంటర్ల వాళ్లు ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. ఆ గంట చివర్లో న్యూస్‌లెటర్ ఫారం కూడా తెరిపిస్తారు.